మంచి మాటలన్నీ కొడుక్కే

కోడలు భర్త చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. ఎల్లుండి ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష ఉన్న అత్తగారు, పక్కనే కుర్చీ వేసుకుని పాఠం అప్పజెబుతున్నారు.

“స్లోలీ అనే మాటతో ఒక వాక్యం చెప్పండి అత్తయ్యా.”

“మై డాటరిన్‌లా వర్క్స్ స్లోలీ.”

“ఊఁ. లౌడ్లీ?”

“మై డాటరిన్‌లా టాక్స్ లౌడ్లీ.”

కోడలి చేతిలో ఇస్త్రీపెట్టె కాలరు దగ్గర ఆగింది. తప్పు పడదామంటే వాక్యంలో తప్పు లేదాయె.

“సరే, కేర్‌ఫుల్లీ?”

“మై సన్ డ్రైవ్స్ కేర్‌ఫుల్లీ.”

“పోయిన వారమేగా కారు తీసుకెళ్లి గోడకి గుద్దారు!”

“గోడే అడ్డొచ్చింది. నువ్వు వాక్యం చూడు, వాడి సంగతి నీకెందుకు?”

“బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరి, రాళ్లన్నీ నా కంచంలోనే వేస్తున్నారు.”

“కోప్పడకే. నిజం చెబితేనే మాట గుర్తుంటుందని నువ్వేగా అన్నావు!”

“అన్నాను. మరి నెల రోజులుగా ఓపిగ్గా మీకు పాఠం చెబుతున్నదెవరు? పేషెంట్లీ పెట్టి చెప్పండి, విందాం.”

అత్తగారు గొంతు సవరించుకున్నారు.

“ఆ మాట ఇంకా పాఠంలో రాలేదమ్మా.”

“నిన్ననే వచ్చింది అత్తయ్యా. మీ అబ్బాయి పేషెంట్లీ టీవీ చూస్తాడని వాడేశారు.”

కోడలు ఇస్త్రీపెట్టె ఆపేసి, ఒక్క చెయ్యే ఇస్త్రీ అయిన చొక్కాని అత్తగారి ఒళ్లో పెట్టింది.

“టీవీ అయ్యాక, రెండో చెయ్యి ఆయన్నే కేర్‌ఫుల్లీ చేసుకోమనండి.”