గోతాల మీద బొటనవేలు

పంతొమ్మిది వందల ఎనభై ఆరు ఎండాకాలం ఇది, జానీబీ. నువ్వేమో రెండేళ్లుగా ఈ మట్టిలో హాయిగా పడుకున్నావు. అక్కడ యార్డులో, గోతాల మీద నిన్ను నా చేతనే చెరిపించాలని చూశారు, తెలుసా?

ఆగు, మొదట్నుంచీ చెబుతాను.

మన షావుకారు లక్ష్మీనరసింహంగారి మార్కా గుర్తుందిగా? ఆ పొడుగు పేరంతా ఇంగ్లీషులో, గోతం మీది రెండు చారల మధ్యే పట్టాలన్నాడు. పైగా లారీ పరిగెత్తుతున్నట్టు ముందుకు వాలి ఉండాలట! మామూలు అక్షరాలు పడతాయా? పక్కల నుంచి నొక్కి సన్నం చేశాను. చివర్ల తోకలు కోసేశాను. చెప్పుల్లేని కాళ్లలా ఉన్నాయని నువ్వు నవ్వలేదూ? ఆ అక్షరాలు రాత్రుళ్లు పలక మీద నాకు దిద్దించిందే నువ్వు. "నిటారుగా నేర్పితే ఇట్లా వంచేశావేందయ్యా" అన్నావు.

గోతం మీద పెట్టి సిరా పూయడానికి ఆ అక్షరాలు రేకులో ఉలితో కోస్తే, అక్షరానికీ అక్షరానికీ మధ్య గడ్డిపరకంత రేకే మిగిలింది. కుంచె తగిలితే చాలు, పైకి లేచేది. సిరా కిందికి పాకేది. అందుకేగా చివరి అక్షరం పక్కన నువ్వు సిరా అంటిన బొటనవేలు, రేకు అంచు దాటి గోతానికి తగిలేలా అదిమి పట్టేదానివి? రేకు తీస్తే పేరు పక్కన నల్లగా నీ వేలి గుర్తు. ప్రతి గోతం మీదా!

గోతాలు ఒకచోట ఉంటాయా? మిరపకాయలతో కలకత్తా పోతాయి, ఉల్లిపాయలతో ఇంకెటో పోతాయి, ఖాళీగా మళ్లీ గుంటూరు యార్డుకొస్తాయి. నువ్వు పోయాక కూడా వస్తూనే ఉన్నావు. కట్ట విప్పుతానా, నువ్వు! ఒక్కోసారి చిరుగు దగ్గర సగం వేలే. సిరా ఇంకా తడిగా ఉన్నట్టనిపించి ముట్టుకుని చూస్తాను. పొడిదే. మళ్లీ ముట్టుకుంటాను.

ఈ నెల కొట్టు చేతులు మారింది. పాత పేరు మీద నల్లరంగు పూసి, పక్కన లావు అక్షరాల కొత్త మార్కా వెయ్యమన్నారు. సరే, పేరు షావుకారుది. పూశాను. నీ వేలు మాత్రం వదిలేశాను.

కొత్త గుమాస్తా రామచంద్రమూర్తి వచ్చాడు. "ఏంది సుభానీ, ఈ మరకలు వదిలేశావు?"

"మరకలు కాదండీ. మా ఆడమనిషి వేలు."

"వేలా! ఇంకా నయం, కాలు పెట్టలేదు."

హమాలీలంతా గొల్లుమన్నారు.

"పూసెయ్యి. లేదంటే కుంచె అక్కడ పెట్టి ఇంటికి పో. ముసలాడివని ఓర్చుకుంటున్నా."

నా మొండితనం నీకు కొత్తా, చెప్పు? కుంచె ఆయన కాళ్ల దగ్గరే పెట్టాను. "నా చేత్తో పూయను. మీరే పూసుకోండి" అన్నాను.

ఒక్క గోతం ఇమ్మని అడిగాను, జానీ. బతిమాలాను. ఎవరినీ ఏదీ అడగనివాణ్ణి, చేతులు జోడించాను! కంపెనీ సరుకు, ఇవ్వం అన్నాడు.

ఒక హమాలీని పిలిచి నా ఎదురుగానే అన్నిటి మీదా పూయించాడు. గోతాలు లారీకెక్కాయి. నా పని పోయింది.