ఎర్ర ఉప్పు బస్తా

హవాయి దీవుల్లో, హనపేపే ఉప్పుమడుల గట్టు మీద అమ్మమ్మా మనవరాలూ ఎర్రమట్టి కలిపిన ఉప్పు ఆరబోస్తున్నారు.

“ఏమే, నిన్నటి బస్తా ఏదీ?”

“కెయావేకి ఇచ్చేశా అమ్మమ్మా.”

“కొంపదీసి అమ్మావా?”

“ఛ! మన ఉప్పు ఎవరైనా అమ్ముతారా? ఊరికే ఇచ్చా. చేపలకి కావాలన్నాడు.”

“చేపలకి గుప్పెడు చాలదుటే?”

“వాడు చాలు అనలేదు, నవ్వుతూ నిలబడ్డాడు. నేను పోస్తూనే ఉన్నా.”

“బస్తా మొత్తమా! అంత ఉప్పు పుచ్చుకున్నవాడు వట్టి చేతుల్తో రాకూడదే, బదులు ఏదైనా తేవాలి!”

“రావట్లేదుగా! అదుగో, భుజాన పందిపిల్లతో వస్తున్నాడు. వెనకాల వాళ్ళమ్మా నాన్నా కూడా!”

“ఓసి నీ దుంపతెగ! మొహం నిండా ఎర్రమట్టే, పరిగెత్తి కడుక్కో!”

“ఇదిగో, వెళ్తున్నా!”

“ఆగాగు, కడుక్కోకు! మీ తాత నా మీద మనసు పడింది ఈ మట్టి మొహం చూసే!”