పోలయ్య రెడ్ ట్యాగ్

పోలయ్య కోతలు కోస్తాడని స్టీల్ ప్లాంటు పక్కనున్న క్యాంప్ 1 బస్తీలో తెలియనివాళ్ళు లేరు. ఆ సంగతి పోలయ్యకీ తెలుసు. అయినా ఆదివారం పొద్దున్న బలరాం టీకొట్టు ముందు బల్లమీద ఆయన కూర్చోకపోతే, వచ్చినవాళ్ళకి టీ చప్పగా ఉన్నట్టుండేది. ఇరవై ఏడేళ్ళు స్టీల్ ప్లాంటులో క్రేన్ నడిపి, కరిగిన ఉక్కు నిండిన లేడిల్ బాల్చీల్ని గాల్లో మోసుకెళ్ళిన మనిషి. రిటైరవడానికి ఏడాది ముందు కుడివైపు పక్షవాతం వచ్చింది. కాలు తేరుకుంది గానీ చెయ్యి సగంలో ఆగిపోయింది. అందుకని టీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతిని తువ్వాలు కింద దాచుకునేవాడు.

ఆ ఆదివారం టీకొట్టు పక్కనున్న వీడియో గేముల దుకాణంలోకి కొత్త సరుకు దిగింది. దుకాణం సతీష్‌కుమార్‌ది, పోలయ్యకి వరసకి మేనల్లుడు. పదహారు బిట్ల మెషీనట. టీవీని బయట స్టూలు మీద పెట్టి ఆడించి చూపిస్తున్నాడు. రంగులు నిజంగానే కళ్ళు చెదిరేలా ఉన్నాయి, వెనకాల కొండలు కూడా కదులుతున్నాయి. ఇందులో కొన్ని కేసెట్లకి లోపలే బ్యాటరీ ఉంటుందనీ, స్విచ్చి ఆపినా స్కోరు పోదనీ చెప్పి, మావయ్య ఇంట్లో ఉన్న పాత ఎనిమిది బిట్ల డబ్బా ఇచ్చేస్తే బదులుగా ఇది ఇస్తానన్నాడు.

"పోకపోతే మరి దాని గొప్పేటిరా?" అన్నాడు పోలయ్య. "కాపలా కాయక్కర్లేని దానికి విలువేటి? నా డబ్బా సంగతి నీకు తెలీదు. బలరాం, ఇంకో చాయ్ పొయ్యి, చెప్తాను."

బలరాం ఇక్కడి ఛత్తీస్‌గఢ్ మనిషే గానీ, ఇన్నేళ్ళు తెలుగువాళ్ళకి టీ పోసీ పోసీ భాష పట్టేశాడు. నవ్వుకుంటూ గిన్నె పొయ్యిమీదకి ఎక్కించాడు.

మొదలుపెట్టడం మటుకు పోలయ్య నిజంతోనే మొదలుపెట్టాడు. చేతికి రోజూ పని పెట్టమని డాక్టరు రబ్బరు బంతి ఇచ్చాడు. రెండు రోజులు నొక్కి, విసుగొచ్చి అటక మీదకి విసిరేశాడు. అది చూసి కూతురు భాగ్యరేఖ తన పిల్లలు ఆడి వదిలేసిన వీడియో గేమ్ తెచ్చిచ్చింది. విమానంతో విమానాల్ని కొట్టే ఆట. మొదటివారం బొటనవేలు బటన్ దాకా వెళ్ళనేలేదు. మూడు నెలలకి ఒక మధ్యాహ్నం టీవీలో నలభై ఎనిమిది వేల ఆరువందల యాభై పడింది. ఆ అంకె చూసి పోలయ్య ఏడ్చాడు. ఈ ఒక్క ముక్క మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఆ డబ్బా అన్నిటికన్నా పెద్ద స్కోరుని తెరమీద ఉంచుతుంది, స్విచ్చి ఆపితే అది పోతుంది. టీవీ ఆపుకోవచ్చు గానీ డబ్బా ఆపకూడదు. ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్‌ని ఎప్పుడూ చల్లారనివ్వని ఊళ్ళో బతికిన మనిషికి ఇది వింతగా తోచలేదు. పాత సామాన్లలోంచి ప్లాంటు రెడ్ ట్యాగ్ ఒకటి తీసి డబ్బా స్విచ్చికి కట్టాడు. రెడ్ ట్యాగ్ ఉన్న స్విచ్చిని ముట్టుకోకూడదు, కట్టినవాడే విప్పాలి, ప్లాంటులో అది తిరుగులేని రూలు. ఆట ఆడే రిమోట్ని వైరుతో సహా చుట్టి అలమరలో పెట్టేశాడు. మళ్ళీ ఆడితే అంత రాదేమోనని భయం. దాంతో పదకొండు నెలలుగా చేతికి పని లేదు, వేళ్ళు మళ్ళీ బిగుసుకుంటున్నాయి. భార్య నూకరత్నం పోరుతూనే ఉంది, ఈయన వినిపించుకుంటేగా.

"పదకొండు నెలలు!" అన్నాడు పోలయ్య. "ఒక్క నిమిషం ఆగలేదు. నీ మెషీను రెండు గంటలకే వేడెక్కి బొమ్మ ఆగిపోతాదని నువ్వే చెప్పినావు కదేటి? నా డబ్బా మీద చెయ్యేస్తే మంచినీళ్ళ కుండ ముట్టుకున్నట్టుంటాది. పోయిన శ్రావణంలో గాలివాన గుర్తుందా? బీపీ పెరిగి నేను ఆస్పత్రిలో ఉన్నాను. స్తంభాలు పడిపోయి ఒక రోజంతా క్యాంపులో కరెంటు లేదు, బత్తీ గుల్. నాలుగోనాడు ఇంటికొచ్చి చూద్దును గదా, డబ్బా లైటు ఎర్రగా వెలుగుతున్నాది. టీవీ వేస్తే అదే అంకె!"

పోలయ్య చెప్పే కోతలన్నిట్లో ఇదొక్కటీ ఆయన మనసారా నమ్మిన సంగతి. ఆస్పత్రి నుంచి భయపడుతూ వచ్చి, ఆ లైటు చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. కరెంటు పోయినా ఆరనిది ఇంట్లో ఒకటుందంటే, తన చెయ్యి కూడా ఎప్పటికైనా తిరిగొస్తుందని ఆయనకి లోలోపల ధైర్యం.

కరెంటు లేకుండా ఎలా వెలిగింది మావయ్యా అని సతీష్‌కుమార్ అడిగాడు. అడగకుండా ఉండాల్సింది.

"అదే మరి! ఇన్ని నెలలు తాగిన కరెంటు దాని కడుపులో ఉండిపోనాదిరా. మెయిను పోగానే వెనక్కి కక్కడం మొదలెట్టినాది. ముందు మా వంటింట్లో బల్బు వెలిగింది. ఆ తర్వాత ఏటైనాదో తెల్సా? పక్కింట్లో ఫ్యాను తిరిగింది. తర్వాత మా సందు సందంతా. తీగలమ్మట పోయి పోయి హథ్‌ఖోజ్ ఫ్యాక్టరీల్లో లేతు మెషీన్లు వాటంతట అవే తిరిగినాయి. ఆదివారం పూట పనివాళ్ళు పరిగెత్తుకొచ్చీసినారు. అప్పుడు ప్లాంటునుంచి కబురు. రైలు పట్టాల మిల్లు ఆగిపోనాదట, పోలయ్య గారూ కొంచెం కరెంటు ఇటు తిప్పండీ అని."

తిప్పావా కాకా అన్నాడు బలరాం, టీ వడగట్టడం ఆపేసి.

"తిప్పకేటి, తిన్న ఉప్పు కదా. ఆ పూట తయారైన పట్టాలు విజయనగరం లైనులో వేసినారు. ఇప్పటికీ ఆ ముక్క మీదకొచ్చేసరికి రైలు దానంతటదే ఉరుకుతాది, డ్రైవరు బ్రేకు తొక్కి పట్టుకోవాల. స్టేషన్లో ఆగిన బండి కిటికీలోంచి చూస్తే పట్టా మీద సన్నగా ఒక అంకె కనిపిస్తాది. నలభై ఎనిమిది వేల..."

"ఆరువందల యాభై," అంది వెనకనుంచి నూకరత్నం. మాత్ర వేసుకోకుండా వచ్చేశాడని చేతిలో పట్టుకుని వచ్చింది. ఎంతసేపటినుంచి నిలబడి వింటోందో ఎవరూ చూడలేదు.

మాత్ర అందించింది. పోలయ్య కుడిచెయ్యి తువ్వాలు కిందనుంచి రాలేదు. ఎడమచేతిలో గ్లాసుంది. గ్లాసు కింద పెట్టి, అదే చేత్తో మాత్ర అందుకున్నాడు. నూకరత్నం అది చూసింది. చెప్పాలా వద్దా అని ఇన్నాళ్ళూ తటపటాయించిన మాట అప్పుడు చెప్పేసింది.

"డబ్బా ఆరిపోయిందండి. ఆ గాలివానకే ఆరిపోయింది."

కరెంటు వచ్చాక చూస్తే స్కోరు దగ్గర సున్నా ఉందట. మీరు ఆస్పత్రి నుంచి వచ్చి ఆ సున్నా చూస్తే ఏమైపోతారోనని, అమ్మాయిని మీ దగ్గర కూర్చోబెట్టి నేను ఇంటికొచ్చి ఆడాను అంది. రెండు రోజులు అన్నం కూడా వండలేదట. తర్వాత ఇంకో మూడుసార్లు కరెంటు పోయిందట. మూడుసార్లూ ఆయన టీకొట్టు దగ్గర ఉండగానే మళ్ళీ ఆ అంకె తెచ్చి పెట్టిందట.

పోలయ్య మాత్ర గుప్పిట్లోనే పట్టుకుని ఆవిడ వైపు తిరిగాడు.

"రెడ్ ట్యాగ్ ఉండగా ముట్టుకున్నావా?"

"ట్యాగ్ నేను విప్పలేదు, అలాగే ఉంది. కట్టినవాళ్ళే కదా విప్పాలి."

"మరి సరిగ్గా అదే అంకె ఎలా వచ్చినాది?"

నూకరత్నం చీర కొంగు సర్దుకుంది. "అంత దాకా రావడానికి పది నిమిషాలు చాలండి. దాటిపోకుండా అక్కడే విమానాన్ని గుద్దించీడమే కష్టం."

సతీష్‌కుమార్ నవ్వబోయి మావయ్య మొహం చూసి మానేశాడు. పోలయ్యకి ముందు సిగ్గేసింది, తర్వాత పెళ్ళాం మీద చెప్పలేనంత ప్రేమ ముంచుకొచ్చింది. ఏడుపొస్తుందేమోనని మాత్ర నోట్లో వేసుకుని మింగేశాడు.

"గుద్దించకుండా ఆడితే ఎంత వస్తాదే?"

"ఎప్పుడూ ఆడలేదు. మీ స్కోరు పోతాది కదా."

పోలయ్య తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. బల్లమీది గ్లాసు కుడిచేత్తో అందుకున్నాడు. సగం టీ పంచెమీద ఒలికింది. బలరాం చూడనట్టు పొయ్యి వైపు తిరిగాడు.

"విన్నావేటిరా సతీషూ," అన్నాడు పోలయ్య గొంతు పెంచి. "మా నూకరత్నం ఆగకుండా ఆడితే రెండు లక్షలు. రెండేటి, అయిదు. టీవీలో అంకెలు పట్టక..."

"అదంతా తర్వాత. ముందు ఇంటికొచ్చి ట్యాగ్ విప్పండి," అంది నూకరత్నం.

ఇద్దరూ ఇంటికెళ్ళారు. ముడి పదకొండు నెలల నాటిది, బిగుసుకుపోయింది. కుడిచేతి వేళ్ళతో దాన్ని విప్పడానికి పోలయ్యకి ముప్పావు గంట పట్టింది. నూకరత్నం రెండు రిమోట్లూ ఒళ్ళో పెట్టుకుని పక్కనే కూర్చుంది గానీ, చెయ్యి మాత్రం వెయ్యలేదు.