కిటికీ లేని తానాల అర్ర

"నానమ్మా, కొత్తింటి బాత్రూంల కిందికి నున్నటి టైల్స్ వెయ్యమంటవా, గరుకువి వెయ్యమంటవా? తలుపు సంగతి గూడ చెప్పు. షాపాయన ఇయ్యాలనే చెప్పమన్నడు."

ఏదీ, ఇటు తే. ఇదా? అబ్బో, అద్దం లెక్కనే ఉన్నది, మొఖం కనవడుతున్నది. వద్దు బిడ్డా. గోడలకు కొట్టిచ్చుకో, ఎంత అందంగ కావాల్నంటే అంత. కిందికి మాత్రం కాలు పట్టుకునేది చూడు. ఇగ తలుపంటవా... ఆగు, జెర ఆ ఫ్యాన్ తక్కువ చెయ్యి, నా మాట నాకే ఇనవడ్తలేదు.

నేను సీతాఫల్‌మండికి కోడలుగ వచ్చినప్పుడు మా ఇంట్ల బాత్రూం అనేదే లేకుండె. పెరట్ల చుట్టూత తడకలు, నడుమ ఒక బండ, గంతే. ఆడోళ్లం తెల్లారకముందే తానాలు చేసేది. మా అమ్మగారిల్లు బోయిన్‌పల్లి, ఆడ సుత గంతే. మా అమ్మ ఐతే చీర కట్టుకొనే పోసుకునేది, పాపం... సరే, అది వేరే ముచ్చట. ఏం చెప్తున్న? ఆ, తడకలు.

గప్పుడు నిజాం దిక్కు రజాకార్ల జమానా. నీకు తెల్వదు, మీ నాయినకు సుత తెల్వదు. ఖాకీ బట్టలేసుకొని గల్లీలకెళ్లి కవాతు చేసుకుంట పోతుండ్రి. బూట్ల సప్పుడు ఇనవడితె మా అత్తమ్మ పొయ్యి మీద కూర ఇడిసిపెట్టి నన్ను లోపలికి గుంజేది. మమ్ములనేమన్న అన్నరా అంటే అనలే, అబద్ధమెందుకు? కానీ ఊర్లకెళ్లి వచ్చేటోళ్లు చెప్పే మాటలు ఇనీ ఇనీ మాకు నిద్ర పట్టకపోయేది. దానికితోడు నేను కడుపుతోని ఉన్న.

ఒకనాడు అత్తమ్మ మీ తాతతోని అన్నది, "ఇగ కోడలు తడకల సాటున తానం చెయ్యది. నాకు గోడలు కావాలె" అని. మీ తాతది రైల్వే కార్ఖానల పని. సరేనని షాబాద్ బండలకు పోయిండు. గరుకువి ఉన్నయట, పాలిష్ పట్టినవి ఉన్నయట. మీ తాత ఎవరో దొర బంగళాల పాలిష్‌వి చూసిండు, అవ్వే కావాల్నని పట్టువట్టిండు. దర ఎంతనో, నిజాం పైసల, హాలీ సిక్కా రోజులు, నాకు యాదికి లేదు. తలుపుకు టేకు దొరకలే. గప్పుడు ఏ సామాను రాకపోయె, అంతా బంద్. పచ్చి మామిడి చెక్కనే కొట్టిచ్చిండ్రు, ఇంత లావుది. లోపలికెళ్లి ఇనుప గడియ.

కిటికీ కాడ లడాయి అయ్యింది. లోపల నీళ్ల కాగు కింద పొయ్యి ఉంటది గద, పొగ పోతందుకు కిటికీ పెడ్దామన్నడు మీ తాత. అత్తమ్మ ఒప్పుకోలే. "ఎవడన్న తొంగి చూస్తే? చెయ్యి పెట్టి గడియ తీస్తే?" అన్నది. ఆఖరికి ఇంత సందు పెట్టిండ్రు, దానికి సుత ఆమె రేకు కొట్టిచ్చింది. ఇగ ఏం జేస్తం, నీళ్లు కాగేదాక తలుపు బార్ల తెరిచి పెట్టేటోళ్లం.

గట్ల ఉండంగ పోలీస్ యాక్షన్ షురూ అయ్యింది. గాలిమోటర్లు పోతుంటే ఇంటి పెంకులు గజగజ అనేవి. డ్యూటీకి పోయిన మీ తాతను ఆడనే ఆపిండ్రట, ఇంటికి రాలే. ఇంట్ల అత్తా కోడళ్లం ఇద్దరమే. నాకు నెలలు నిండినయి. ఆ పొద్దు ముసురు పట్టి ఉండె. కాగు కింద మంట పెట్టి నేను పెరట్ల నిలవడ్డ. గల్లీ కొసకు మిలిట్రీ వచ్చిందని ఎవరో ఒర్రుకుంట ఉరికిండ్రు. నిజాం మిలిట్రీనో, ఢిల్లీ మిలిట్రీనో ఎవరికి తెలుసు? గంతల్నే మా ప్రహరి మీదికెళ్లి ధబ్బున ఒక మనిషి దుంకిండు. ఖాకీ అంగి. మొఖం చూడలే నేను, అంగే చూసిన.

అత్తమ్మ నా రెక్క పట్టి గుంజి తానాల అర్రల ఏసింది. తను సుత సొచ్చి, తలుపు దబ్బి, గడియ పెట్టింది.

అంతా చీకటి. పొయ్యి మంట తప్ప ఏం కనవడలే. బయట కట్టెల కుప్ప దిక్కు అలికిడైంది, మళ్ల బందయ్యింది. మేము ఊపిరి బిగవట్టినం. జెరసేపటికి పొగ కమ్మింది. వానకాలం, తడి కట్టెలు. కండ్లు మండవట్టె, గొంతు పట్టేసె. అత్తమ్మ చెంబుతోని పొయ్యిల నీళ్లు గుమ్మరిచ్చింది. అయ్యో, ఇంకా ఎక్కువైంది! ఆవిరి, బూడిద, పొగ, అన్నీ ఒక్కసారే మొఖం మీదికి. ఎన్కకు జరిగిన, ఆ నున్నటి బండల మీద కాలు జారి పక్కకు పడ్డ. కడుపుల ఎట్లనో అయ్యింది.

"అత్తమ్మా, తలుపు తియ్యి" అన్న. గడియ తీసింది. తలుపు రాలే. చెక్క వానకు ఉబ్బి చౌకట్ల బిగుసుకున్నది. ఇద్దరం గుంజినం. రాదే!

నేను ఒర్రవోతే అత్తమ్మ నా నోరు మూసింది. "ఒర్రకు బిడ్డా. వాడు ఆడనే ఉన్నడు" అన్నది చెవుల. గా చెయ్యి నాకిప్పటికీ... ఒర్రితే వాడొస్తడు, ఒర్రకపోతే పొగ. ఏం జెయ్యాలె, నువ్వే చెప్పు? కడుపుల పిల్ల కదుల్తలేదనిపిచ్చింది నాకు. చెంబు అందుకొని తలుపును కొట్టిన. కొట్టిన, కొట్టిన.

"అందర్ కౌన్ హై?" లోపలెవరని మొగ గొంతు. తలుపు కాణ్ణే.

"తలుపు వస్తలేదు! సచ్చిపోతున్నం!" అని ఒర్రిన.

అడుగుల సప్పుడు కట్టెల కుప్ప దిక్కు మళ్లింది. పోయిండనుకున్న. గప్పుడు పడ్డది తలుపు మీద గొడ్డలి దెబ్బ.

మా కట్టెల గొడ్డలే బిడ్డా. అత్తమ్మ నన్ను మూలకు నూకి నా మీద పండుకున్నది, దెబ్బ పడితే తన మీదనే పడాల్నని. సంపుతందుకు వస్తున్నడా, ఇడిపిస్తందుకు వస్తున్నడా, మాకేం తెలుసు? ఒక్కొక్క దెబ్బకు ఆమె పెయ్యి అదురుడు నాకు తెలుస్తున్నది. చెక్క పగిలి ఇంత ఎల్తురు వడ్డది. ఆ పగుల్ల ఒక మొఖం.

రషీద్. పక్కింటి జైనబ్ ఆపా కొడుకు. ఆమె బట్టలు కుట్టేది, నా రైకలన్నీ ఆమె కుట్టినవే. కొడుకు ఆ ఏడాదే రజాకార్లల్ల కలిసి కవాతుకు పోతుండె. అందుకే మేము ఆ ఇంటి దిక్కు చూసుడు సుత బంద్ జేసినం. మిలిట్రీకి ఎవరన్న పట్టిస్తరని మా పెరట్ల దాక్కుందామని వచ్చిండు. గొడ్డలి సప్పుడుకు గల్లీ అంతా వస్తదని వానికి తెల్వదా? తెలుసు.

నన్ను రెండు రెక్కలు పట్టి బయటికి గుంజి అరుగు మీద పండవెట్టిండు. అత్తమ్మను సుత తెచ్చిండు. గంతల్నే మంది వచ్చిండ్రు. వాండ్లకేం కనవడ్డది? ఖాకీ అంగి, చేతుల గొడ్డలి, కింద పడ్డ ఇద్దరు ఆడోళ్లు. ఇగ అడుగుడు లేదు, కట్టెలతోని కొట్టవట్టిండ్రు. నేను నోరు తెరుస్తున్న, మాట వస్తలేదు, దగ్గే వస్తున్నది. అత్తమ్మ పాక్కుంట పోయి వాని మీద పడ్డది. "కొట్టకుండ్రి! మమ్ముల బతికిచ్చింది వీడే!" అని. ఆమెకు సుత దెబ్బలు తాకినయి, గప్పుడు ఆగిండ్రు. అయినా మిలిట్రోళ్లు వచ్చి వాన్ని తీసుకపోనే పోయిండ్రు.

నాకు తెల్లారి కాన్పయ్యింది. మీ నాయిన. పుట్టంగనే ఏడ్వలే. మంత్రసాని కాళ్లు పట్టి తలకిందులు చేసి వీపు మీద కొట్టింది, ఇంకా ఏడ్వలే. అత్తమ్మ గోడకు ఒరిగి కూలవడ్డది. గప్పుడు ఏడ్చిండు.

మీ తాత ఇంటికి వచ్చి, ఆ అర్రను చూసిండు. గడ్డపార తీసుకొని పాలిష్ బండలన్నీ లేపిండు. గరుకువి ఏసి, నీళ్లు నిలవకుంట వాలు పెట్టిండు. పైన జాలీలు పెట్టిండు, పొయ్యి బయటికి తెచ్చిండు. తలుపు రేకుది, బయటికి తెరుచుకునేది. గడియ ఎంత చిన్నదంటే, గట్టిగ నూకితే ఊడేది. నువ్వు సుత గట్లనే చేయించుకో. గాలి పోవాలె, కాలు జారొద్దు, తలుపు నీళ్లకు ఉబ్బొద్దు. నేనైతే ఇప్పటికీ గడియ పెట్టుకోను. మీ అమ్మ నవ్వుతది. నవ్వనియ్యి.

రషీదా? ఇడిసిపెట్టిండ్రు, శానా దినాలకు. ఎడమ చెయ్యి పైకి లేవకపోయేది. అత్తమ్మ పాయసం చేసింది, నేను పిల్లగాన్ని ఎత్తుకున్న, వాండ్లింటికి పోయినం. పిల్లగాన్ని వాని ఒళ్లె పెట్టవోతే లేచి ఎన్కకు జరిగిండు. "వద్దమ్మా, ఎవరన్న చూస్తరు" అన్నడు. దర్వాజ దిక్కే చూస్తున్నడు. గల్లీల మేము ఎదురొస్తే తల దించుకొని పక్క సందులకు మళ్లేది. ఏడాదంతా మేము వాన్ని చూసి భయపడ్డం, ఇగ వాడు మమ్ముల చూసి భయపడవట్టిండు. కొన్నాళ్లకు తల్లీ కొడుకు ఇల్లమ్ముకొని పోయిండ్రు. ఏడికి పోయిండ్రో, ఎట్ల బతికిండ్రో... పోయేటప్పుడు చెప్పలే సుత.

సరే తియ్యి. నువ్వు సల్లగుండు బిడ్డా. కొత్తింట్ల నీ వాకిట్ల ఏ సప్పుడైనా, ఎవరో సుట్టమొచ్చిండు అనుకొని లేచి తలుపు తీసేటట్టుండాలె నువ్వు...