పిన్నిని వెతికిన చెవిమామయ్య

రండి, రండి. గుమ్మంలో నిలబడి ఎంతసేపు వింటారు, లోపలికొచ్చి చాప మీద సర్దుకు కూర్చోండి. ఆ చివరున్న చిట్టితల్లీ, నువ్వు ముందుకు జరుగు, నా గొంతు అంతదూరం రాదు. ఇంతకీ ఏమడిగావురా నువ్వు? రేవులో లాంచీవాళ్ళు ఒక ఇనప ముక్కని పిన్ని అంటున్నారు, ఎందుకనీ అనా? ఆ మాట ఇంకా బతికే ఉందన్నమాట. అయితే చెప్పాల్సిందే. ముందు నవ్వడం ఆపండి, నేను చెప్పాక ఎలాగూ నవ్వాలి.

మా అమ్మకి తమ్ముడొకడు ఉండేవాడు. నాకు మామయ్య, ఊరందరికీ చెవిమామయ్య. చెవులు పెద్దవని కాదులే. డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి వింటాడు చూశారూ, అలాగే ఈయన పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజన్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. ‘ఇవాళ రెండో సిలిండరు అలిగింది’ అనేవాడు. నిజంగానే అలిగి ఉండేది. మా అత్తయ్య మాత్రం, ఆ ఇంజన్ మాట విన్నదాంట్లో సగం నా మాట వింటే ఎప్పుడో బాగుపడేవాడు, అని దెప్పేది. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి జనాన్ని దాటించే లాంచీ ఆయనది. ఆయనదంటే నడిపేది ఆయన, ఓనరు వేరు. డీజిలు ఇంజను, విరిగిపోయిన ఓ ఓడలోంచి తీసింది. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ముసలి ఇంజను కదా, ఓసారి దానికి దగ్గు పట్టుకుంది. తెల్లటి పొగ కక్కడం, నడినీళ్ళలో ఆగిపోవడం. జనం తెడ్లు లేక చేతులతో నీళ్ళు తోసిన రోజు కూడా ఉంది. అప్పుడు రేవు ఆఫీసరు పిలిచి, వచ్చే నెల ఒకటో తారీకున లాంచీ నిండా జనాన్ని ఎక్కించుకుని అవతలికి వెళ్ళి, ఎక్కడా ఆగకుండా తిరిగి రావాలన్నాడు. మధ్యలో ఆగిందా, ఇక పాత ఇనుము కొట్టుకే. లాంచీ పోతే అవతలి ఒడ్డు వాళ్ళు ఆసుపత్రికి రావాలన్నా చుట్టూ తిరిగి పూటంతా నడవాలి. మామయ్య సంగతంటారా, ఆయనకి నేల మీద నడవడమే సరిగా రాదు, ఇంక వేరే పనేం చేస్తాడు?

ఇంజనుకి వైద్యం తెలుసు ఆయనకి. కావలసింది పనిముట్లు. ఏ పనికి ఆ పనిముట్టే ఉండాలి పిల్లలూ, గరిటెతో గోడ కట్టలేం కదా. వాల్వులుంటాయి, ఇంజను ఊపిరి తీసుకునే తలుపులనుకోండి. వాటి సందు కొలవడానికి సన్నటి ఉక్కు రేకులు, విసనకర్రలా విచ్చుకునేవి, మెకానిక్కులు వాటిని ఆకులంటారు. మామయ్య సంతకి వెళ్తున్న అత్తయ్యతో, ఎక్కడైనా ఆకుల కట్ట కనబడితే పట్రా అన్నాడు. ఆవిడ పట్టుకొచ్చింది, లేతది, తోటకూర కట్ట. మామయ్య ఒక ఆకు తెంపి వాల్వు సందులో దూర్చి చూసి, కొంచెం మందమైందే అన్నాడట. ఆ కట్ట ఎటుపోయిందో అడక్కండి, ఆ పూట ఆయన పస్తు. చివరికి ఆకులూ, డీజిలు చిమ్మే ఇంజెక్టరుని ఊడబీకే పుల్లరూ బస్సు డిపోలో ఫిట్టరు దగ్గర అరువు దొరికాయి.

దొరకనిది పిన్ను. టైమింగ్ పిన్ను. అదేమిటంటే, ఇంజనుకి ఓ పెద్ద చక్రం ఉంటుంది. దాన్ని సరిగ్గా ఒక్కచోట ఆపి, కదలకుండా పట్టి ఉంచితేనే డీజిలు ఏ క్షణాన పడాలో కుదర్చగలం. పై కవరులో ఓ రంధ్రం, లోపల చక్రంలో ఇంకో రంధ్రం. రెండింట్లోంచీ దూరాలి ఆ పిన్ను. పై రంధ్రం కొలవొచ్చు. లోపలిది ఎవరికి కనబడుతుంది? అందుకే ఇనుము చెక్కే లేతు మిషను మీద చేయిద్దామన్నా కొలత లేదు. మేకు పెట్టాడు, వదులు. ఇంకోటి పెట్టాడు, బిగువు. వెంట్రుకంత తేడా వచ్చినా ఆ ఇంజను అప్పులవాడు తలుపు బాదినట్టు బాదేది.

ఇంక ఊళ్ళో లాభం లేదని, రేవు రేవుకీ తిరిగే సరుకుల పడవ బయల్దేరుతుంటే, ఒడ్డు మీంచి అందులోని వంటవాడికి కేకేశాడు మామయ్య. ఇక్కడ కొంచెం వ్యాకరణం వినాలి మీరు. మూతులు ముడవకండి, చిన్నదే. పిన్ను అన్న మాటకి ‘ని’ చేర్చితే నింపాదిగా ఉన్నవాడు పిన్నుని అంటాడు. తొందరలో ఉన్నవాడి నోట్లో ఆ ఉకారం జారి ఇకారమవుతుంది. పిన్నిని. ఆ! ఇప్పుడు నవ్వుతున్నారు. పడవ ఇంజను మోతలో ముందున్న టైమింగ్ అన్న మాట కాస్తా కొట్టుకుపోయింది. వంటవాడికి వినబడింది ఇదీ: ‘పిన్నిని వెతుకుతున్నానయ్యా. సన్నగా, పొడుగ్గా, నల్లగా ఉంటుంది. ఎవరింట్లోనో మూలన పడి ఉంటుంది, దాని విలువ వాళ్ళకి తెలీదు. నాకు మాత్రం అది లేకపోతే బతుకు లేదు. కనబడితే గుడ్డలో చుట్టి భద్రంగా పంపించు.’ వంటవాడు అసలే మెత్తని మనిషి. ఆ మాటలకి కళ్ళు తుడుచుకున్నాడట. గుడ్డలో చుట్టడమెందుకా అని కాసేపు తికమకపడి, పాపం చలి మనిషి కాబోలు అని సరిపెట్టుకున్నాడట. ప్రతి రేవులోనూ దిగి మామయ్య మాటల్ని పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

పదిహేను రోజులకి కాబోలు, అదే పడవలోంచి దిగింది ఒకావిడ. సన్నగా, పొడుగ్గా, నల్లగా. ఒంటినిండా దుప్పటి, చేతిలో రేకు పెట్టె. తిన్నగా లాంచీ దగ్గరికొచ్చి మామయ్యని ఎగాదిగా చూసి, ‘నీకు నేనేమవుతానో నాకు గుర్తుకు రావడంలేదు నాయనా. మూలన పడున్నదాన్ని మాత్రం నేనే’ అంది.

వెనకాల వంటవాడు గర్వంగా నిలబడ్డాడు. మామయ్య చేతిలో స్పానరు, నోరు తెరుచుకునే ఉంది. అత్తయ్యకి మతిపోయింది. మీ అమ్మకి అక్కచెల్లెళ్ళే లేరు కదయ్యా, పిన్ని ఎక్కణ్ణించి ఊడిపడింది అని చెవిలో గొణిగింది. మామయ్య స్పానరు కింద పెట్టి, చెయ్యి తుడుచుకుని, ఆ రేకు పెట్టె అందుకుని, ‘ఇంత ఆలస్యం చేశావేం పిన్నీ’ అన్నాడు.

అదీ మా మామయ్య.

ఆవిడ తెల్లారేసరికి ఇల్లంతా తన చేతిలోకి తీసుకుంది. అత్తయ్యకి వంట దగ్గర సలహాలు, లాంచీ ఎక్కేవాళ్ళకి వరసలు. ముందు ముసలివాళ్ళు, తరవాత చంటిపిల్లల తల్లులు, మీసాలున్నవాళ్ళు ఆఖర్న. రేవంతా విషయం తెలిసి నవ్వుకుంటోంది, ఆవిడ ఎదట మాత్రం ఎవరూ నోరు విప్పలేదు. కానీ ఒకటో తారీకు దగ్గరపడింది, పిన్ను లేదు. మామయ్యకి తిండి సయించడంలేదు. నేనొచ్చాక కూడా ఈ దిగులేమిటిరా అని పిన్ని నిలదీసింది. ఆయనకి అబద్ధమాడటం చేతకాదు. లాంచీ చెక్క మీద సుద్దముక్కతో ఆ పిన్ను బొమ్మ గీసి, నేను వెతికింది దీన్ని పిన్నీ అనేశాడు. ఆవిడ ఆ బొమ్మని చూసింది. ఆయన మొహం చూసింది. లేచి వెళ్ళి రేకు పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టింది. అత్తయ్యే ముందు ఏడ్చింది, అన్నాళ్ళూ సణిగిన మనిషి. పిన్ని విసుక్కుంటూ, ‘ఏడుపెందుకే? అది నాకు తెలిసిన ముక్కే. రేపటికి తిరిగొస్తాం, మీ ఆయన్ని చెప్పులేసుకోమను’ అంది.

ఆవిడ మరిది కొడుకుది పాత ఓడసామాన్ల కొట్టు. ఆ కొట్టు వెనక సామాన్ల గదిలోనే ఆవిడ పక్క. ఆ గది తలుపుకి లోపలి గొళ్ళెంలో మేకు బదులు పెట్టుకుందట ఆ పిన్ను, ఇనుము కుప్పలోంచి తీసి. మామయ్య దాన్ని తీసి, తిప్పి చూసి, చొక్కాతో తుడిచి, కళ్ళకద్దుకున్నాడు. మరిది కొడుకు మాత్రం, ఇన్నాళ్ళకి వచ్చింది గొళ్ళెం ఊడబీక్కుపోవడానికా అన్నాడు. పిన్ని తన దుప్పటి కొంగులో దాన్ని చుట్టుకుంటూ, ‘మూలన పడున్నవి రెండూ పోతున్నాయి, గది విశాలంగా వాడుకో నాయనా’ అని చక్కా వచ్చేసింది.

దూరిందా అంటావేంట్రా? మామయ్య ఊపిరి బిగబట్టి చక్రం తిప్పుతుంటే టక్కుమని కూర్చుంది, తల్లి ఒళ్ళో పిల్లలా. ఆ రోజు ఇంజను మాట్లాడితే, స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని మామయ్య గెంతాడు. ఒకటో తారీకున ఆఫీసరు ఎక్కాడు. ఆయనకీ మీసాలున్నాయి కదా, పిన్ని ఆఖర్న ఎక్కించింది. లాంచీ నిండా జనం. అవతలికి వెళ్ళింది, తిరిగొచ్చింది, ఎక్కడా దగ్గలేదు, తుమ్మలేదు. ఆఫీసరు, సరే బాగుంది, ఇక ఆపు అన్నాడు. మామయ్య కట్టుగుంజ పక్కనుంచే లాంచీని తిప్పి మళ్ళీ నీళ్ళలోకి కొట్టాడు. ఆపమన్నా వినడే. కళ్ళు మూసుకుని ఆ మోత వింటున్నాడు, నవ్వుతున్నాడు, గుండ్రంగా తిప్పుతున్నాడు. జనం ఈలలు, చప్పట్లు. ఆఫీసరు టోపీ నీళ్ళలో పడింది. అయ్యా ఆపండి అని ఆయన నిలబడి అరుస్తుంటే పిన్ని చెయ్యి పట్టి కూర్చోబెట్టి, పడిపోతావు నాయనా, వాడికి మోజు తీరాక వాడే ఆపుతాడులే అంది.

ఎంతసేపు తిప్పాడో...

ఊఁ. సరే, లేవండి, లేవండి. చీకటి పడుతోంది, మీ అమ్మలు పిలుస్తున్నారు. వెళ్ళి అన్నాలు తినండి.