మూడో కొలిమి

ఇనుము కరిగించి పోతపోసే కార్ఖానా. మేడమీద యజమాని గది. యజమాని, అతని అక్క.

“కూర్చోమన్నాగా అక్కా. ఏసీ కింద కూర్చుని తిట్టు, చల్లగా ఉంటుంది.”

“నీ చల్లదనం నువ్వే ఉంచుకో. పొద్దున పడిపోయినవాడు కళ్లు తెరిచాడో లేదో కనుక్కున్నావా?”

“తెరిచాడట. వడదెబ్బ అన్నాడు డాక్టరు.”

“షెడ్డులో ఎండెక్కడిదిరా? నీ మూడో కొలిమి సెగ అది. నిలువునా కూలిపోయాడు.”

“సరే, సెగే. ముందు పని ఆపేసి ఆ గేటు బయట నిలబడ్డవాళ్లని లోపలికి పంపించు. నీ మాటైతే వింటారు. ఇనుము కరిగి ఉంది. ఇంకాసేపు చూసే దిక్కు లేకపోతే లోపలే గడ్డకడుతుంది. కొలిమి పగలగొట్టుకోవడమే.”

“పగలగొట్టుకో.”

“అక్కా!”

“రెండో కొలిమి పెట్టేముందు నాన్న ఏం చేశాడు?”

“మళ్లీ నాన్న...”

“ఏం చేశాడు? చెప్పు.”

“షెడ్డు కప్పు ఎత్తించాడు. ఏడాదంతా రేకులు మార్పిస్తూ కూర్చున్నాడు. అందుకే రెండింటి దగ్గరే ఆగిపోయాడు.”

“గాలికి దారి చూపించి, ఆ తర్వాత నిప్పు పెట్టాడు. ఆయన కుర్చీ ఎక్కడుండేది?”

“కొలిమికి ఎదురుగా. తెలుసు. తను కూర్చోలేని చోట ఇంకొకర్ని నిలబెట్టకూడదు, అదే ధర్మం. విని విని చెవులు చిల్లులు పడ్డాయి. ధర్మం చూసి ఆర్డర్లు ఇచ్చేవాడెవడు?”

“మరి మొన్న సభలో శాలువా కప్పించుకుని రాజధర్మం దంచావట? అర్థం ఎప్పుడూ ధర్మం వెనకే నడవాలన్నావట? చప్పట్లు కూడా పడ్డాయట?”

“అది సభ. ఇది కార్ఖానా.”

“ఓహో. ధర్మాన్ని చెప్పులతోపాటు గుమ్మం బయటే విడిచొస్తావన్నమాట!”

“దీన్ని ఇంత పెంచింది నేను!”

“పెంచలేదురా, ఉబ్బించావు. పెరిగే ఒంట్లో కాళ్లూ చేతులూ కలిసి పెరుగుతాయి. నీకు పొట్టొక్కటే పెరిగింది.”

“వెక్కిరింతలు చాలు. ఇదంతా ఎవరి పనో నాకు తెలుసు. మేస్త్రి! నాన్న కాలంనాటి మనిషని నెత్తినెక్కించుకున్నాం. పనివాళ్లని ఎగదోసింది వాడే.”

“మేస్త్రి జోలికి పోకు.”

“పోతాను. ఏం చేస్తావ్? హలో, వాచ్‌మన్! మేస్త్రి అక్కడే ఉన్నాడా? ఉంటాడు, ఎందుకుండడు! ఈ క్షణం నుంచి పనిలో లేడని చెప్పు. అందరూ వినేట్టు చెప్పు... ‘అది కాదయ్యగారూ’ ఏంటి? చెప్పింది చెయ్! ఫోన్ పెట్టెయ్.”

“అయిందా?”

“అయింది. ఇప్పుడు చూడు, మిగతావాళ్లు పిల్లుల్లా లోపలికొస్తారు.”

“చూద్దాం. ఇలా రా, కిటికీ దగ్గరికి.”

“ఏముంది చూడ్డానికి? వాచ్‌మన్ చెప్తున్నాడు... చెప్పేశాడు. ఇదేంటి, మేస్త్రి వాళ్లకి దండం పెడుతున్నాడు?”

“కొలిమి పాడైతే అయ్యగారు మునిగిపోతారు, లోపలికి పదండ్రా అని ఇందాకట్నుంచి వాళ్లని బతిమాలుతున్నాడు. నువ్వు తీసేశావని విన్నాక కూడా చేతులు దించలేదు, చూశావా? వాళ్లని వెళ్లొద్దని ఆపింది ఆయన కాదురా, నేను.”