నీడను ఓడించిన గుర్రం

మాటలు కోటలు దాటే మనిషి ముందు వేడి చాయ్ పెడితే ఏమవుతుందో చూడాలంటే కనుమ దారిలో ఓర్మోష్ చాయ్ గుడారానికి రావాలి. ఆ పూట అక్కడ ఎసెన్‌కుల్ కాళ్లు బార్లా చాపుకుని కూర్చున్నాడు. బయట కొయ్యకి అతని మూడేళ్ల ఎర్రగుర్రం, దాని పక్కనే జీపార్ తెచ్చిన పాలిచ్చే ఆడగుర్రం.

జీపార్ ఇల్లు గడిచేది ఆ ఆడగుర్రం పాలతోనే. ఎక్కి తిరిగే ముసలి గుర్రం చలికాలంలో చచ్చిపోయింది. రెండొందల గొర్రెల వెనక కొండలెక్కి దిగి ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. ఏం చేస్తుంది? ఆడగుర్రాన్నిచ్చి ఎర్రగుర్రాన్ని తీసుకుందామని వచ్చింది. ఇది గనక కుంటిదని తేలితే ఇటు పాలూ పోయె, అటు స్వారీ పోయె.

మారకం కుదిరితే ఎవరి పగ్గం వాళ్లు విప్పుకుని తీసుకుపోతారు. పశువు పోయినా దాని అదృష్టం పగ్గంతో ఇంట్లోనే ఉండాలి మరి. మారకం ఇంకా కుదరనే లేదు, ఎసెన్‌కుల్ మాత్రం ఎర్రగుర్రం పగ్గం ఎప్పుడో విప్పి నడుముకి చుట్టేసుకున్నాడు. ఓర్మోష్‌ని పాత తాడు ఒకటి అడిగి దాంతో గుర్రాన్ని కట్టేశాడు. అంత నమ్మకం తన నోటి మీద.

"మొదట్లో చిన్న ఇబ్బంది ఉండేదిలే అక్కా, అబద్ధమెందుకూ," అని మొదలెట్టాడు. "నడక బాగుండేది, చిన్న పరుగూ బాగుండేది, దౌడు ఎత్తుకోమంటేనే కాస్త తడబడేది. వెనక కాళ్లు రెండూ కలిపి కుందేల్లా గెంతేది. చూసినవాళ్లంతా కాలు పోయిందిరా అన్నారు. నేను దాని చెవిలో ఒక్క మాట చెప్పాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెవి మూసుకుందా?" అన్నాడు ఓర్మోష్, చాయ్ పోస్తూ.

"నవ్వు, నవ్వు. వంతెన దగ్గర కుడికి తిప్పానా, అంతే, దౌడందుకుంది! కాసేపయ్యాక వెనక్కి చూద్దును కదా, నా నీడ లేదు! గుండె జారిపోయిందనుకో. ఆగాను. రొట్టె తిన్నాను, పులిసిన గుర్రప్పాలు రెండు గిన్నెలు తాగాను, మూతి తుడుచుకుంటుంటే అప్పుడొచ్చింది నీడ, రొప్పుకుంటూ."

"దానికీ ఓ గిన్నె పోయాల్సింది పాపం."

"పోశాను. సగం ఒలకబోసుకుంది. సరే, అక్కణ్ణుంచి సరస్సుకి పోయాం. సరస్సు చుట్టి రావాలంటే మామూలోడికి వారం. నేను కుడివైపుగా ఒక్క చుట్టు తిప్పేసరికి ముందెవడో ఎర్రగుర్రం మీద పోతున్నాడు. ఎవడ్రా వీడు, నాతో పోటీనా అని తరిమి తరిమి దాని తోక పట్టుకున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అది నా గుర్రం తోకే! మీదున్నోడూ నేనే!"

"పలకరించావా అన్నా?"

"పలకరించా. పొగరుబోతు వెధవ, పలకలేదు."

గుడారం గొల్లుమంది. జీపార్ కూడా నవ్వింది. నవ్వుతూనే బయటికి చూసింది. ఎర్రగుర్రం కుడి వెనకకాలిని గిట్ట కొన మీద ఆనించి నిలబడి ఉంది. ఇందాక చూసినప్పుడూ అదే కాలు. అలసిన గుర్రం కాళ్లు మార్చుకుంటుంది, ఇది మార్చుకోవడం లేదు. జీపార్ నవ్వు ఆపేసింది.

ఎసెన్‌కుల్ ఆపలేదు. "ఇంకా వినండి! తిరిగొస్తుంటే ఏడు తోడేళ్లు. ఇదిగో, ఒక్కొక్కటి దూడంత. కొండని చుట్టమని గుర్రానికి సైగ చేశా. కుడికి తిప్పా, మళ్లీ కుడికి, మళ్లీ కుడికి! తోడేళ్లకి కళ్లు తిరిగి అక్కడే పడిపోయాయి. మేం ఆగితేగా! తిరిగిన తిరుగుడికి కొండ మరమేకులా భూమిలోకి దిగిపోయింది. అదిగో, ఆ కొండే. చిన్నప్పుడు ఎంత ఎత్తుండేదో గుర్తులేదూ మీకు?"

అందరూ తలలు తిప్పి కొండకేసి చూశారు. ఇద్దరు ముగ్గురు నిజమేనన్నట్టు తలలూపారు కూడా. గిన్నె కింద పెట్టింది జీపార్.

"ఎసెన్‌కుల్, ఒక్కటడుగుతా తమ్ముడూ. వంతెన దగ్గర కుడికి. సరస్సు చుట్టూ కుడికి. కొండ చుట్టూ కుడికి. నీ గుర్రానికి లోకంలో ఎడమవైపు లేదా?"

ఎసెన్‌కుల్ చాయ్ గిన్నె అందుకుని మూతికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఎడమకి తిరుగుతూ దౌడందుకోవాలంటే కుడి వెనకకాలి మీదే బరువేసి లేవాలి. మా మందకి వంతెన దగ్గర ఎడమకే పోవాలి మరి. ఈ గుడారం చుట్టూ ఎడమవైపుగా ఒక్క చుట్టు దౌడు తీయించు. ఆడగుర్రం నీదే. పగ్గంతో సహా ఇచ్చేస్తా."

పగ్గంతో సహా! అందరూ సర్దుకుని కూర్చున్నారు. ఇప్పుడే గడ్డి తిన్నదని అన్నాడు ఎసెన్‌కుల్. ఎడమవైపు నుంచి గాలి కొడుతోందన్నాడు. గాలి కుడివైపు నుంచి కొడుతోందని ఓర్మోష్ చెప్పాక ఇక లేవక తప్పలేదు.

ఎక్కాడు, అదిలించాడు. గుర్రం చెవులు వెనక్కి పెట్టి, తోక విసిరి, వెనక కాళ్లు రెండూ కలిపి రెండు గెంతులు గెంతి, చిన్న పరుగులోకి పడిపోయి ఆగిపోయింది.

జీపార్ వెళ్లి కుడి వెనకకాలి మోకీలు మీద చెయ్యి వేసింది. వేడిగా ఉంది, వాచి ఉంది. గుర్రం ఉలిక్కిపడింది గానీ తన్నలేదు. జీపార్ ఎసెన్‌కుల్ వైపు తిరిగింది.

"నిరుడు మూడేళ్ల గుర్రాల పందెంలో పరిగెత్తించావు కదూ దీన్ని?"

"ఊ."

"నిరుడు దీనికి రెండేళ్లు! పాలపళ్లు కూడా ఊడని పిల్లని పట్టుకెళ్లి అంత దూరం తోలతావా? మూడేళ్లని చెప్పి నిలబెట్టావా?"

"గెలుస్తుందనుకున్నానక్కా."

"గెలిచిందా?"

"చివర్నుంచి రెండోది."

"చివరిది?"

"దారి తప్పింది."

ఓర్మోష్‌కి నవ్వు ఆగలేదు. జీపార్ అతనివైపు ఒక్క చూపు చూసింది, నవ్వు ఆగింది.

"పశువుల డాక్టరుకి చూపించు. వచ్చే వేసవిలోపు జీను వేశావని తెలిస్తే నీ ఇంటికొచ్చి ఆ జీను నీ వీపు మీద వేస్తా. ఆ చెవిలో చెప్పాల్సిన మాటేదైనా ఉంటే, తప్పయిందని చెప్పు."

అన్నాళ్లూ నోటితో బతికిన ఎసెన్‌కుల్ కిందికి దిగి, నడుముకి చుట్టుకున్న పగ్గం విప్పి మళ్లీ గుర్రానికి తొడిగాడు. తొడుగుతూ దాని చెవి దగ్గర ఏదో గొణిగాడు. ఈసారి ఏం చెప్పాడో ఎవరికీ చెప్పలేదు. జీపార్ తన ఆడగుర్రాన్ని విప్పుకుంది. రేపూ నడకే, మోకాళ్లు రేపూ నొప్పే. కానీ పాలున్నాయి.

ఎసెన్‌కుల్ గుర్రం ఎక్కకుండా పగ్గం పట్టుకుని మెల్లగా దారిన పడ్డాడు. పొద్దు వాలి ఎండ అతని వీపు మీద పడుతోంది. గుడారం గుమ్మంలోంచి ఓర్మోష్ కేకేశాడు.

"అన్నా, చూసుకో! ఈసారి నీడే ముందుంది!"